బుట్మిర్ సొరంగం చూడబోతున్న చిన్నీకి

చిన్నీ,

నీ ప్రయాణం ప్లాను మీ బాపు నాకు ఫోన్లో చదివి వినిపించాడు. వియన్నా నుంచి రాత్రి బస్సులో సరయేవో, పొద్దున పదింటికి సొరంగం మ్యూజియం, పన్నెండున్నరకు మోస్తార్ బస్సు. సలహా అడిగే అలవాటు నీకు లేదు, అడగలేదని ఊరుకునే అలవాటు నాకు లేదు. ఫోన్లో చెబితే సగంలోనే "సరే పెద్దబాపూ, సరే" అంటావు. అందుకే ఉత్తరం.

ముందు మోస్తార్‌ను మరునాటికి జరుపు. ఆ వంతెన 1993లో కూలి, 2004లో మళ్లీ లేచింది. ఇంకొక రోజు నీ కోసం ఆగడం దానికి లెక్క కాదు.

ఇక సొరంగం. ఒకప్పుడు దాదాపు 800 మీటర్లు ఉండేది. ఇప్పుడు నువ్వు నడవగలిగేది పాతిక మీటర్లకు అటూ ఇటూ. దానికి నిమిషం కూడా పట్టదు. తల వంచుకుని లోపలికి వెళ్లి, ఫోటో దిగి, అటువైపు బయటికి వచ్చి "ఇంతేనా?" అని ఒకరి మొహం ఒకరు చూసుకునే వాళ్లను నేను అక్కడ చూశాను. నేను రిటైరయ్యాక మీ అక్క దగ్గరికి వెళ్లినప్పుడు, పెద్దమ్మను కూడా తీసుకుని సరయేవో పోయాను కదా, అప్పుడు. గోదావరిఖని బొగ్గు బాయిల్లో సర్వే పని చేసినవాణ్ని. నాకు ఆ పాతిక మీటర్లు తెమలలేదు. మీ పెద్దమ్మ బయట బెంచీ మీద కూర్చుని విసుక్కుంది.

నీకు చెప్పదలుచుకున్నది ఒకటే మాట. అక్కడికి జాలిపడడానికి వెళ్లకు. నోరు తెరుచుకుని అద్భుతాన్ని చూడడానికి కూడా వెళ్లకు. కడుపు నిండా తిండి లేని మనుషులు వంతులు వేసుకుని చేసిన పని అది. పనిని ఎలా చూడాలో అలా చూడు. ఎవరు చేశారు, దేనితో చేశారు, ఆ దారే ఎందుకు పట్టారు, పట్టాక దాన్ని ఎట్లా నడిపారు. ఇవి తెలిస్తే గౌరవం దానంతట అదే వస్తుంది.

ఊరి ఆకారం ముందే మనసులో పెట్టుకో. సరయేవో తూర్పు పడమరలుగా సాగిన లోయ. నడుమ మిల్యాట్స్కా నది, చుట్టూ కొండలు. 1984లో చలికాలపు ఒలింపిక్స్ ఆ కొండల మీదే జరిగాయి. ఎనిమిదేళ్లు తిరిగేసరికి అవే కొండల మీద ఫిరంగులు వచ్చి కూర్చున్నాయి. యుగోస్లావియా ముక్కలవుతున్నప్పుడు బోస్నియా ప్రజాభిప్రాయ సేకరణ జరిపి స్వతంత్రం ప్రకటించుకుంది. బోస్నియాలోని సెర్బు నాయకత్వం ఒప్పుకోలేదు. యుగోస్లావ్ సైన్యం అండతో 1992 ఏప్రిల్ మొదటి వారంలో వాళ్లు రాజధానిని చుట్టుముట్టారు. ఆ ముట్టడి 1996 ఫిబ్రవరి 29న ముగిసింది. మొత్తం 1,425 రోజులు. ఈ కాలపు యుద్ధాల్లో మరే రాజధానీ అన్నాళ్లు ముట్టడిలో లేదు.

కరెంటు, నీళ్లు, గ్యాసు, అన్నీ బయటి నుంచి రావలసినవే. అవి ఆగిపోయాయి. పార్కుల్లో చెట్లు కొట్టి పొయ్యిలో పెట్టారు. అవి అయిపోయాక కుర్చీలు, తలుపులు, పాత బూట్లు, పుస్తకాలు. నీళ్ల కోసం బీరు ఫ్యాక్టరీకి పోయేవారు, ఎందుకంటే దాని కింద సొంత ఊట ఉంది. చంటిపిల్లల బండి చక్రాలకు పలక బిగించి దాని మీద డబ్బాలు ఈడ్చుకొచ్చేవారు. క్యూలో నిలబడడమే ప్రాణగండం. 1992 మే 27న రొట్టె కోసం నిలబడిన వాళ్ల మీద గుండ్లు పడ్డాయి. 1994 ఫిబ్రవరి 5న మర్కాలె కూరగాయల మార్కెట్లో ఒకే ఒక్క మోర్టారు గుండుకు 68 మంది పోయారు. ఇవన్నీ గైడు కూడా చెబుతాడు. నేను ఎందుకు రాస్తున్నానంటే, సొరంగం ఏ అవసరానికి పుట్టిందో ఆ అవసరం ముందు నీకు తెలియాలి.

విమానాశ్రయం సంగతి మాత్రం నిదానంగా చదువు. అది అర్థం కాకపోతే సొరంగం అర్థం కాదు. ముట్టడి వలయం ఊరంతా చుట్టుకుని వచ్చి, నైరుతి మూల ఒక్క చోట తెగింది. ఆ తెగిన చోట విమానాశ్రయం ఉంది. 1992 జూన్ చివర ఫ్రాన్సు అధ్యక్షుడు మిత్తెరాఁ ఉన్నట్టుండి సరయేవోలో దిగి వెళ్లాడు. ఆ వెంటనే సెర్బు బలగాలు విమానాశ్రయాన్ని ఐక్యరాజ్యసమితి సైనికులకు అప్పగించాయి. సహాయం తెచ్చే విమానాలు దిగవచ్చు. అయితే దానికొక షరతు ఉంది. ఏ పక్షమూ ఆ స్థలాన్ని తన కదలికలకు వాడుకోకూడదు. అంటే మామూలు జనం రన్‌వే దాటి పోకూడదు.

రన్‌వేకు ఇటు డోబ్రిన్యా, ఒలింపిక్స్ కాలంలో కట్టిన అపార్ట్‌మెంట్ల కాలనీ. అది ఊరిలోపలి భాగం. అటు బుట్మిర్, హ్రస్నిత్సా, వాటి వెనక ఇగ్మన్ కొండ. అది బోస్నియా సైన్యం చేతిలో ఉన్న నేల, అక్కణ్నుంచి బయటి ప్రపంచానికి దారి. రెండింటి నడుమ చదునైన మైదానం, దాని మీద తారు. జనం చీకట్లో పరిగెత్తేవారు. సమితి సైనికులు లైట్లు వేసి పట్టుకుని, ఎటు నుంచి వచ్చారో అటే వెనక్కి పంపేవారు. ఆ లైటు వెలుతురులోనే అటువైపు స్నైపర్లకు గురి దొరికేది. చనిపోయినవాళ్లు, దెబ్బలు తిన్నవాళ్లు కలిపి వందల్లో ఉంటారు.

ఇది చదివి సమితిని తిట్టుకోవడం తేలిక. మొత్తం ఆ బలగానికి తొలి కమాండరు మన దేశపు లెఫ్టినెంట్ జనరల్ సతీశ్ నంబియార్, 1993 మార్చి దాకా. వాళ్ల చేతులు ఎంతవరకు కట్టేసి పంపారో కూడా చదివి తిట్టు. 1992 నుంచి 1996 జనవరి దాకా సాగిన ఆ సహాయ విమానాల రాకపోకలు బెర్లిన్‌కు 1948లో నడిపిన వాటికంటే ఎక్కువకాలం నడిచాయి. అదే రన్‌వే మీద పిండి బస్తాలు దిగాయి, అదే రన్‌వే మీద మనుషులు చచ్చారు. రెంటిలో ఒకదాన్ని మాత్రమే చెప్పేవాళ్లను నమ్మకు.

పైనుంచి పోనివ్వనప్పుడు కిందినుంచి పోవాలి. 1993 మొదటి నెలల్లో తవ్వకం మొదలైంది, రెండు వైపుల నుంచీ ఒకేసారి. డోబ్రిన్యా వైపు ఒక అపార్ట్‌మెంటు గ్యారేజీలో దిగారు. బుట్మిర్ వైపు కోలార్ అనే కుటుంబం ఇంట్లో దిగారు. నువ్వు చూడబోయేది ఆ ఇల్లే. గోడ మీద గుళ్ల దెబ్బలు ఇంకా అలాగే ఉన్నాయి. ప్లాను గీసినవాడు నెజాద్ బ్రాంకోవిచ్ అనే కుర్ర సివిల్ ఇంజినీరు. తరవాత రాజకీయాల్లోకి పోయి, దేశంలోని రెండు భాగాల్లో ఒకటైన ఫెడరేషన్‌కు ప్రధాని కూడా అయ్యాడు, అది వేరే కథ. యంత్రాలు లేవు. గునపం, పార, తోపుడు బండి. మన దగ్గర ఒకప్పుడు తట్టా చెమ్మస్ (పార) పట్టుకుని బొగ్గు నింపిన వాళ్లను నేను దగ్గరగా చూశాను. ఒక షిఫ్టు అయ్యేసరికి మనిషిలో ఏమీ మిగలదు, ఇంటికి పోయి కడుపునిండా తింటేనే మర్నాడు లేస్తాడు. వీళ్లు ఇంటికి పోతే అక్కడ ఉన్నది సహాయం కింద వచ్చిన గుప్పెడు బియ్యం, మకరోనీ. ఎనిమిది గంటల షిఫ్టులు, రాత్రీ పగలూ. కూలి రోజుకొక సిగరెట్ పెట్టె. నవ్వకు. మూసేసిన ఊళ్లో సిగరెట్టే చెల్లుబాటయ్యే డబ్బు. ముట్టడి కాలమంతా అక్కడి పొగాకు ఫ్యాక్టరీ ఆగలేదు. పెట్టెలకు కాగితం దొరక్క పాత పుస్తకాల పేజీల్లో చుట్టి అమ్మారు.

ఇక్కడ నా వృత్తి మాట ఒకటి చెప్పనివ్వు. రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ వచ్చే దారి నడుమ కలవాలి. సర్వేయరుకు అంతకంటే నిద్ర పట్టనివ్వని పని లేదు. బాయిలో అయితే మేము నేల మీద స్టేషన్లు పెట్టుకుంటాం, థియోడొలైట్ పెట్టి చూసిందే మళ్లీ చూస్తాం, లెక్క ఇంకొకడి చేత వేయిస్తాం. అయినా కలిసే రోజు దగ్గరపడుతుంటే గుండె దడ తగ్గదు. వీళ్లకు నెత్తిన ఉన్నది రన్‌వే. అక్కడ ట్రైపాడ్ నిలబెట్టి చూసే వీలు ఎక్కడిది? అయినా 1993 వేసవిలో రెండు జట్లూ నేల కింద చేతులు కలిపాయి. దాదాపు నాలుగు నెలల పని. మ్యూజియంలో చూపించే వీడియోలో అప్పటి దృశ్యాలు ఉంటాయి. లేచి వెళ్లిపోకుండా చూడు.

నేల సంగతి కూడా ఆలోచించు. మా బాయిల్లో నెత్తిన రాయి ఉంటుంది, సపోర్టు సరిగా పెడితే కొంత తనే నిలబడుతుంది. అక్కడున్నది మెత్తటి మైదానపు మట్టి. పైగా ఆ పక్కనే ఇలిజా, బోస్నా నది పుట్టే ఊటలు ఉన్న చోటు. పార వేస్తే నీరు. తోడుతూ తవ్వారు, తవ్వాక కూడా తోడుతూనే ఉన్నారు. దారి వెడల్పు మీటరు, ఎత్తు మీటరున్నర పైచిలుకు. నీ ఎత్తుకు కూడా మెడ వంచాలి. లోపలికి దిగగానే ఫోను జేబులో పెట్టి ముందు రూఫ్ చూడు. దుంగలు ఎక్కడ వాడారో, ఇనుము ఎక్కడ వాడారో, వాటి మధ్య ఎంత దూరం వదిలారో చూడు. ఊళ్లో ఏది దొరికితే దానితో నిలబెట్టిన రూఫ్ అది. తరవాత కింద పట్టాలు చూడు. మన బొగ్గు టబ్బుల మాదిరి చిన్న బళ్లు వాటి మీద నడిపారు. ఒక్కోదాని మీద 400 కిలోల దాకా.

తవ్వడం ఒక ఎత్తు, నడపడం ఇంకో ఎత్తు. సందర్శకులు ఎక్కువమంది తవ్వకం దగ్గరే ఆగిపోతారు. మీటరు వెడల్పులో ఎదురెదురుగా రెండు గుంపులు తప్పుకోలేవు. ఒక వైపు వాళ్లు పోయేదాకా రెండో వైపు వాళ్లు ఆగాలి. బయట ఆగిన వాళ్ల మీద గుండ్లు పడతాయి. ఎవరు ముందు, గాయపడ్డవాళ్లా, పిండి బస్తాలా, సైనికులా? ఆ వంతు ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి, రాత్రి తరవాత రాత్రి. మొదట వీపు మీద మూటలతో నడిచారు. పట్టాలు తరవాత వచ్చాయి. ఆ తరవాత ఇంధనం పైపు, కరెంటు కేబుల్, టెలిఫోన్ తీగలు అదే దారిలో వేశారు. ఊహించుకో. పాదాల కింద నీళ్లు, ఒక పక్క కరెంటు, ఇంకో పక్క ఇంధనం, నడుమ వంగి నడిచే మనుషులు. ధన్‌బాద్ నుంచి గనుల భద్రత చూసే మన డీజీఎంఎస్ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి ఉంటే నోటీసు రాయడానికి కూడా ఆగడు, ముందు అందరినీ బయటికి తరుముతాడు. డెబ్బైకి దగ్గరపడిన అధ్యక్షుడు ఇజెత్బెగొవిచ్‌ను కూడా పట్టాల మీద కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుంటూ తీసుకుపోయారు. ఆ కుర్చీ అక్కడ ఉంటుంది. దాని ముందే అందరూ ఫోటోలు దిగుతారు. నువ్వు మూటల ముందు నిలబడు.

బుట్మిర్‌లో పైకి వచ్చినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. కోలార్ వాళ్ల ఇంటి పెద్దావిడ బయటికి వచ్చిన వాళ్లకు నీళ్లు అందించేదని చెబుతారు. ఆ నీళ్లు తాగి, ఇగ్మన్ కొండ ఎక్కే దారి పట్టాలి. ఇరుకు, బురద, శత్రువు కంటికి కనిపించే మలుపులు. 1995 ఆగస్టులో శాంతి చర్చలకు వస్తున్న అమెరికా దౌత్యవేత్తలే ఆ దారిలో బండి జారి లోయలో పడి ముగ్గురు చనిపోయారు. సాయుధ వాహనంలో కూర్చున్నవాళ్ల గతే అది. వీపున బంగాళదుంపల బస్తాతో నడిచినవాళ్ల సంగతి నువ్వే ఆలోచించుకో.

ఇప్పుడు అంకెల గురించి. ఈ సొరంగం గుండా 2 కోట్ల టన్నుల తిండి వచ్చిందని నెట్‌లో చాలాచోట్ల రాసి ఉంటుంది. నువ్వు ఎం.ఎస్. చదువుతున్నావు, కాగితం తీసి లెక్క వెయ్యి. 1993 వేసవి నుంచి 1996 ఫిబ్రవరి దాకా వెయ్యి రోజులనుకో. రోజుకు 20 వేల టన్నులు. 400 కిలోల బండి చొప్పున 50 వేల బళ్లు. రోజుకు ఉన్నవి 86,400 సెకన్లు. అంటే రెండు సెకన్లకు ఒక బండి, మనుషులు నడవకుండా, నీళ్లు తోడకుండా, ఎవరూ తుమ్మకుండా. ఊళ్లో మిగిలిన మూడు, మూడున్నర లక్షల మంది తలా యాభై కిలోలకు పైగా రోజూ తినాలి. సున్నాలు ఎక్కడో ఎవరి చేతిలోనో పెరిగాయి. ఆ అంకెను నీ ఇన్‌స్టాగ్రామ్‌లో రాయకు. గైడు చెబితే అక్కడ వాదించవద్దు, మర్యాద కాదు. నువ్వు మాత్రం మోసుకురాకు. మనిషి వీపు మీద ముప్పై కిలోలు 800 మీటర్లు వంగి మోయడం ఎంతటి పనో తెలిసినవాడికి కోట్ల టన్నులు అక్కర్లేదు. పెద్ద అంకె ఆ వీపును కనపడకుండా చేస్తుంది.

ఇంకా కొన్ని విషయాలు బోర్డుల మీద చిన్న అక్షరాల్లో ఉంటాయి, లేదా ఉండవు. అన్నం వచ్చిన దారినే తుపాకులూ వచ్చాయి. 1991లో సమితి యుగోస్లావియా మొత్తానికి ఆయుధాలు అమ్మకూడదని నిషేధం పెట్టింది. అప్పటికే ఆయుధాలున్న సైన్యానికి దానితో నష్టం లేదు, లేనివాళ్లకే నష్టం. అందుకని సొరంగం బోస్నియా సైన్యం చేతిలో ఉండేది, సైన్యం అవసరాలే ముందు. ఎవరు పడితే వాళ్లు దిగి వెళ్లిపోవడానికి లేదు, అనుమతి కాగితం కావాలి. యుద్ధం చేయగల వయసు మగవాళ్లకు అది దొరకడం కష్టం. దొంగ వ్యాపారమూ దీని గుండా నడిచింది. ఊళ్లో ధరలు దిగడానికి సొరంగం కారణమైంది, కొందరు ధనవంతులు కావడానికీ కారణమైంది. ఊరిని కాపాడుతున్నామన్నవాళ్లలోనే ఒక దళ నాయకుడి మనుషులు ఊళ్లోని సెర్బు పౌరులను పట్టుకుపోయి ట్రెబెవిచ్ కొండ మీద కజాని అనే గోతిలో చంపి పడేశారు. ఆ నాయకుణ్ని 1993లో బోస్నియా బలగాలే పట్టుకున్నాయి, ఆ రాత్రే వాడు చచ్చాడు. చనిపోయిన పౌరుల పేర్లతో కజాని దగ్గర ఫలకం పెట్టింది మాత్రం 2021లో.

ఇది చెప్పానని "రెండు వైపులా తప్పుంది" అనే తీర్మానానికి రాకు. అది బద్ధకస్తుల తీర్మానం. ఊరిని చుట్టుముట్టి పౌరుల మీద గుండ్లు కురిపించిన సైన్యానికి నాయకుడైన స్తానిస్లావ్ గాలిచ్‌కు హేగ్ కోర్టు 2006లో యావజ్జీవం వేసింది. తరవాత బోస్నియా సెర్బుల రాజకీయ నాయకుడు కరాజిచ్‌కూ, సైన్యాధిపతి మ్లాదిచ్‌కూ అదే శిక్ష. ఇవి ఎవరి అభిప్రాయాలో కాదు, సాక్ష్యాలు విని రాసిన తీర్పులు. డోబ్రిన్యా పక్కనే గీత దాటితే తూర్పు సరయేవో, అక్కడి జనం ఇదే చరిత్రను వేరేగా చెబుతారు. నీ తిరుగు బస్సు బెల్‌గ్రేడ్ మీదుగా అయితే అది ఎక్కడానికి అక్కడికే పోవలసి రావచ్చు. పక్కన కూర్చున్నవాళ్లు చెప్పేది విను. వాదించకు, తలా ఊపకు.

మనుషులతో ఎలా ఉండాలో చెబుతాను, తిట్టుకున్నా సరే. ఎవరినీ "మీరు ముస్లిమా, సెర్బా, క్రొయేటా?" అని అడగకు. సరయేవోను కాపాడిన జనరళ్లలో యొవాన్ దివ్యాక్ పుట్టుకతో సెర్బు. ఆయన 2021లో పోయినప్పుడు ఊరంతా ఏడ్చింది. నలభై అయిదు దాటిన దాదాపు ప్రతి మనిషీ ముట్టడి చూసినవాడే. ట్యాక్సీ నడిపేవాడు, రొట్టె అమ్మేది, హోటల్లో గది తాళం ఇచ్చేది, అందరూ. వాళ్లు నీకు కథ బాకీ లేరు. కాఫీ తాగుతూ వాళ్లంతట వాళ్లు మొదలుపెడితే కదలకుండా విను, ఫోను బల్ల మీద పెట్టకు. "మీ ఇంట్లో ఎవరైనా పోయారా?" అని మాత్రం నీ నోటి నుంచి రాకూడదు. వాళ్ల హాస్యం నల్లగా ఉంటుంది, నవ్వొస్తే నవ్వు. చారిత్రక మ్యూజియం వెనక ఒక పెద్ద మాంసం డబ్బా విగ్రహం ఉంది. ముట్టడి రోజుల్లో సహాయంగా పంపిన ఆ డబ్బా మాంసాన్ని తిన్నవాళ్లు ఇప్పటికీ తిట్టుకుంటారు. 2007లో దానికి స్మారకం కట్టి, అంతర్జాతీయ సమాజానికి కృతజ్ఞులైన పౌరుల తరఫున అని రాశారు. ఆ ఊరి బుద్ధి తెలియాలంటే అది చూడాలి. ముట్టడి ఇంకా ముగియకముందే 1995లో సినిమా పండగ మొదలుపెట్టిన ఊరు మరి. అది ఇప్పటికీ ఏటా జరుగుతోంది.

దారి ఇలా పెట్టుకో. పాత బజారు బష్చార్షియా దగ్గర ట్రామ్ ఎక్కి చివరి స్టేషను ఇలిజా దాకా పో. ట్యాక్సీ వద్దు, ట్రామే ఎందుకంటే అది స్నైపర్లు కాల్చిన ఆ పొడవాటి రోడ్డు మీదుగానే పోతుంది. 1994లో ట్రామ్‌లు మళ్లీ నడపడం మొదలుపెట్టాక వాటి మీదా కాల్పులు జరిగాయి. కిటికీ పక్కన కూర్చుని కొండ వైపు చూస్తూ పో. ఎంత దగ్గరో నీకే తెలుస్తుంది. ఇలిజా నుంచి మ్యూజియం వైపు బస్సు ఉంటుంది. పొద్దున్నే వెళ్తే టూరు బస్సులు రాకముందే లోపల నిలబడడానికి చోటు దొరుకుతుంది. బయటికి వచ్చాక వెంటనే బస్సు ఎక్కకు. ఇంటి వెనక్కి నడిచి విమానాశ్రయం వైపు చూడు. విమానం దిగితే ఇంకా మంచిది. ఆ మైదానం వెడల్పును కంటితో కొలిచాక నేను పైన రాసిన షరతు ఎంత బరువైనదో నీకు వేరే చెప్పక్కర్లేదు.

తిరుగు దారిలో చారిత్రక మ్యూజియం దగ్గర దిగు. రేకు డబ్బాలతో చేసుకున్న పొయ్యిలు, దీపాలు అక్కడున్నాయి. సొరంగం లోపలికి ఏం తెచ్చిందో బుట్మిర్‌లో చూస్తావు, తెచ్చినదాంతో ఎట్లా బతికారో ఇక్కడ చూస్తావు. సాయంత్రం మర్కాలెకు పోయి పళ్లు కొనుక్కో. అది ఇప్పటికీ మార్కెట్టే, వెనక గోడ మీద పోయినవాళ్ల పేర్లు ఉంటాయి. రోడ్డు మీద ఎర్ర రంగు నింపిన గుండ్ల దెబ్బలు కనబడితే తొక్కకుండా పక్కనుంచి నడువు. పిల్లల యుద్ధకాలపు మ్యూజియం చాలా మంచిదంటారు, 2017లో పెట్టారు. కానీ అదే రోజు పెట్టుకోకు. రోజుకు ఇంతకంటే మనసులోకి ఎక్కదు.

మిగతావి పై పై మాటలు. కొండల మీదికి పోతే కాలిదారి విడవకు. పుర్రె గుర్తున్న ఎర్ర బోర్డు అంటే ఆ పక్క మందుపాతరలు ఇంకా తీయలేదని అర్థం, నడిచే దగ్గరి దారి అని కాదు. బష్చార్షియాలో తూటా తొడుగులతో చేసిన పెన్నులు అమ్ముతారు. ఆ రాగి పని చేసేవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్ల ఊరి మీద పడ్డవాటినే అమ్ముకుంటున్నారు. అయితే నువ్వు తిరిగి విమానంలో వెళ్తే బ్యాగులో అవి ఉండకూడదు, సెక్యూరిటీ దగ్గర ఇబ్బంది పడతావు. ఇక తిండి. చెవాపి అనేది ఎక్కువగా గొడ్డు మాంసంతోనే చేస్తారు. బురెక్ అన్నా అక్కడ మాంసమే. వద్దనుకుంటే సిర్నిత్సా అడుగు, జున్ను పెట్టిచ్చేది. జెల్యానిత్సా అంటే పాలకూరది. మీ పెద్దమ్మ ఆ రెంటితోనే ప్రయాణమంతా గడిపి, ఇప్పటికీ చేసి చూస్తానంటుంది.

రూఫ్ సపోర్టులు దగ్గరగా కనబడేటట్టు రెండు ఫోటోలు తీసి పంపు, ఒకటి లోపలికి చూస్తూ, ఒకటి బయటికి చూస్తూ. స్కేలు కోసం నీ వాటర్ బాటిల్ పక్కన పెట్టు.

మీ పెద్దబాపు